ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్: నాలుగవ దశకు అర్థమేమి? హార్మోన్ చికిత్సతో ఆయువు ఎంత?

2025 మే 18న అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్ కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. 82 ఏళ్ల ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్లు తేలిందని, గ్లీసన్ స్కోరు 9 అని, వ్యాధి ఎముకలకు వ్యాపించిందని, అయితే అది హార్మోన్ చికిత్సకు లొంగే రకంగా కనబడుతున్నదని అందులో తెలిపారు. రోగి స్థితిని, ముందున్న కాలాన్ని అంచనా వేయడానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఈ మూడు మాటలలోనే ఉన్నది. బెంగుళూరులోనో, వెల్లూరులోనో, కటక్‌లోనో చూపించుకుని వచ్చిన పల్లెటూరి పెద్దల ఫైళ్లలోనూ ఉండేవి ఇవే. కాని తెలియని భాషలో వైద్యుడు చెప్పినదానిలో “ఫోర్త్ స్టేజ్” అన్న ఒక్క మాట మాత్రమే చెవిన పడి, ఇక చేయగలిగింది ఏమీ లేదని తిరుగుప్రయాణం కట్టే కుటుంబాలు ఉంటాయి. ఆ తొందరపాటుకు కారణం లేదు.

ప్రోస్టేట్ పురుషులలో మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టి ఉండే చిన్న గ్రంథి. వయసు మీరినకొద్దీ చాలామందిలో ఇది ఉబ్బుతుంది. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు. క్యాన్సర్ అయినప్పుడు అది ఎక్కువగా వెన్నెముకకు, కటి ఎముకలకు, పక్కటెముకలకు పాకుతుంది. అందువల్లనే ముదిరిన వ్యాధి మొదట నడుము నొప్పిగా బయటపడి, నెలల తరబడి తైలాలతోనూ నొప్పి మాత్రలతోనూ గడిచిపోవడం జరుగుతుంది.

వ్యాధి దశను టి, ఎన్, ఎం అనే మూడు అక్షరాలతో రాస్తారు. టి అంటే గ్రంథిలోను, దాని చుట్టూను గడ్డ ఎంత పెరిగిందన్నది. ఎన్ అంటే దగ్గరి లింఫు గ్రంథులకు చేరిందా లేదా అన్నది. ఎం అంటే దూరపు అవయవాలకు పాకిందా అన్నది. ఎం1ఎ అని ఉంటే దూరపు లింఫు గ్రంథులకు, ఎం1బి అంటే ఎముకలకు, ఎం1సి అంటే కాలేయం, ఊపిరితిత్తుల వంటి ఇతర అవయవాలకు చేరినట్లు. దగ్గరి లింఫు గ్రంథుల వరకే చేరినా నాలుగవ దశే, కాలేయానికి చేరినా నాలుగవ దశే. మొదటిదాన్ని 4ఎ అని, దూరానికి పాకినదాన్ని 4బి అని వేరు చేస్తారు. ఒకే దశ పేరు మోస్తున్న ఇద్దరి ఆయువులో ఏళ్ల తేడా ఉండడానికి ఇది ఒక కారణం.

గ్లీసన్ స్కోరు బయాప్సీ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి వేసేది. 6 నుంచి 10 వరకు ఉంటుంది. 8, ఆపైన ఉంటే కణాలు దూకుడుగా పెరిగే స్వభావం కలవని అర్థం. రక్తంలో చూసే పి.ఎస్.ఎ. మరొకటి. సాధారణంగా 4 లోపు ఉండే ఈ అంకె, ఎముకలకు పాకినవారిలో వందలు, వేలు కూడా ఉండవచ్చును. కాగితం మీద పెద్ద అంకె చూసి హడలిపోవడం సహజమే గాని, మొదట ఎంత ఉన్నదన్నదానికంటే చికిత్సతో ఎంతకు దిగిందన్నదే ఎక్కువ చెబుతుంది.

ఈ క్యాన్సర్‌కు పురుష హార్మోను టెస్టోస్టిరాన్ ఎరువు వంటిది. దానిని ఆపితే వ్యాధి కుదించుకుపోతుందని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ నిరూపించారు. ఈ కృషికి హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి లభించింది. హార్మోనును ఆపే మార్గాలు రెండు. వృషణాలను తొలగించే చిన్న శస్త్రచికిత్స మొదటిది. దానితో రోజు తిరగకముందే హార్మోను పడిపోతుంది, ఖర్చు ఒక్కసారితో తీరుతుంది. రెండవది నెలకో, మూడు నెలలకో వేసే ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్. ఇది మొదటి రోజులలో హార్మోనును కొంత పెంచి తరువాత తగ్గిస్తుంది గనుక, ఆ కాలంలో నొప్పి పెరగకుండా బైకల్యుటమైడ్ మాత్రలు ఇస్తారు. కోతలని, పండుగని ఇంజెక్షన్ తేదీ దాటవేస్తే హార్మోను మళ్లీ లేస్తుంది. ఆసుపత్రి దూరమై, ప్రతిసారీ బస్సు ఛార్జీకే వెతుక్కునే ఇంటికి శస్త్రచికిత్సే మేలు కావచ్చును. అవమానమని దానిని తోసిపుచ్చేముందు ఒకసారి ఆలోచించాలి.

ఇక ఆయువు మాట. వైద్యులు చెప్పే “మధ్యస్థ కాలం” అంటే రోగులలో సగంమంది అంతకంటే ఎక్కువ కాలం జీవించారని అర్థం. అది ఎవరికీ గడువు కాదు. 2006లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, వ్యాధి దూరానికి పాకిన వారిని హార్మోన్ చికిత్స మొదలుపెట్టిన ఏడు నెలలకు పరిశీలించింది. పి.ఎస్.ఎ. 0.2 లేదా అంతకన్నా తగ్గినవారి మధ్యస్థ ఆయువు 75 నెలలు. 0.2 దాటి 4 వరకు ఉన్నవారికి 44 నెలలు. 4 దాటినవారికి 13 నెలలు. కొత్త మందులు రాకముందు లెక్కలివి. అయినా ఏడవ నెల పరీక్ష ఎందుకు తప్పించరాదో ఇవి చెబుతాయి.

వ్యాధి పరిమాణం కూడా ముఖ్యమే. నాలుగు లేదా అంతకుమించి ఎముక మచ్చలు ఉండి, వాటిలో ఒకటైనా వెన్నెముక, కటి ఎముకలను దాటి ఉంటే, లేదా కాలేయం వంటి అవయవానికి పాకి ఉంటే “ఎక్కువ పరిమాణం” అంటారు. 2015లో ప్రచురితమైన పరిశోధనలో ఇటువంటివారికి హార్మోన్ చికిత్స ఒక్కటే ఇచ్చినప్పుడు మధ్యస్థ ఆయువు 32.2 నెలలు కాగా, మొదటినుంచే డోసిటాక్సెల్ కీమోథెరపీ జోడించినప్పుడు 49.2 నెలలు. దూకుడు వ్యాధి కలవారికి అబిరాటిరాన్ మాత్రలు ప్రెడ్నిసోన్‌తో కలిపి ఇచ్చిన మరొక పరిశోధనలో, 2019 తుది లెక్కల ప్రకారం, 36.5 నెలలు 53.3కు పెరిగాయి. కనుక “ఇంజెక్షన్‌తో పాటు మరేదైనా ఇవ్వాలా?” అని వైద్యుని అడగడం రోగి హక్కు. కొద్దిచోట్లకే పాకినవారికి ప్రోస్టేట్‌కు రేడియేషన్ ఇవ్వడం కూడా ఆయువును పెంచుతుందని 2018లో తేలింది.

ఈ చికిత్స వ్యాధిని అణచి ఉంచుతుంది, నిర్మూలించదు. కొంతకాలానికి, హార్మోను అడుగంటి ఉన్నా పి.ఎస్.ఎ. పెరగసాగుతుంది. అప్పుడు మందు మారుతుంది గాని హార్మోను అణచివేత ఆగదు. నొప్పి తగ్గిందని, అంకె దిగిందని సొంతంగా మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒంట్లో వేడి ఆవిరులు, నీరసం, కండ తగ్గడం, కామవాంఛ సన్నగిల్లడం, మధుమేహం, ఎముకలు గుల్లబారడం చికిత్సతో రాగలవు. రోజూ నడక, వైద్యుడు చెప్పిన కాల్షియం, విటమిన్ డి మేలు చేస్తాయి. అబిరాటిరాన్ మాత్ర పూర్తి మోతాదులో ఖాళీ కడుపుతో వేసుకోవలసినది. రక్తపోటు, పొటాషియం చూపించుకుంటూ ఉండాలి.

ఖర్చు విషయంలో సరిహద్దువాసులు ఒకటి గమనించాలి. బంధువులు చిత్తూరులోనో అనంతపురంలోనో ఉన్నా, ఏ రాష్ట్రపు రేషన్ కార్డు ఉంటే ఆ రాష్ట్ర పథకమే వర్తిస్తుంది. పావగడవారికి కర్ణాటక పథకం, హోసూరువారికి తమిళనాడు పథకం. బయలుదేరేముందే ఆ ఆసుపత్రి తమ కార్డును తీసుకుంటుందో లేదో విచారించి, బయాప్సీ, స్కాన్, పాత పి.ఎస్.ఎ. కాగితాలను తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లాలి.

వెన్నులో వ్యాధి ఉన్నవారికి హఠాత్తుగా కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాలపై అదుపు పోయినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన. తెల్లవారేదాకా ఆగక, ఆ రాత్రే పెద్దాసుపత్రికి చేర్చాలి. గంటలు గడిచినకొద్దీ మళ్లీ నడిచే అవకాశం తగ్గిపోతుంది.