అర్ధరాత్రితో తీరు గడువు

లాలాగూడ చక్రములతో పెరిగిన పేట. 1893లో నిజాం రైల్వే ఇచ్చట కర్మాగారము నెలకొల్పినది మొదలు, ఇరుసు పరీక్షింపక బండిని పట్టాలమీదికి పంపరాదను నియమము ఇచ్చటి శ్రామిక కుటుంబములకు ఉగ్గుపాలతో అబ్బినది. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించెను. నేడు వీధివీధిని కార్లు బారులు తీరియున్నవి గాని, ఇరుసు మాట అటుంచి, బీమా పాలసీ తేదీనైనను చూచుకొనువారు కొలదిమందియే. తార్నాక పేరులోని ‘నాకా’కు తనిఖీస్థలమని అర్థము, అట్టి నాకాయొద్ద పోలీసు కాగితములడిగిన పిమ్మటగాని, మూడు దినముల క్రిందటనే గడువు తీరినదన్న సంగతి యజమానికి తెలియకుండుట కద్దు.

వాహనమునకు బీమా ఉండితీరవలెనను ఈ నిర్బంధము మన దేశమున పుట్టినది కాదు. వాహనము క్రింద పడిన బాటసారికి, యజమాని నిర్ధనుడైనను, పరిహారము దక్కవలెనను తలంపుతో బ్రిటను 1930లో మూడవ పక్షపు బీమాను తప్పనిసరి గావించెను. మన 1939 నాటి మోటారు వాహనముల చట్టము ఆ నియమమును స్వీకరించినను, సంబంధించిన అధ్యాయము 1946 జూలై 1 వరకు అమలునకు రాలేదు. 1988 నాటి చట్టము దానినే 146వ సెక్షనుగా నిలుపుకొన్నది.

జీవిత బీమాలో వాయిదా దాటినను కొన్ని దినముల వెసులుబాటు కలదు గదా, కారునకేల లేదని పలువురు అడుగుదురు. 1968లో బీమా చట్టమునకు చేర్చిన 64వీబీ సెక్షను ఇందుకు సమాధానము: ప్రీమియము ముందుగా ముట్టనిదే కంపెనీ ఏ నష్టభారమును తలకెత్తుకొనరాదు. పాత పాలసీ అర్ధరాత్రితో ముగియును. క్రొత్తది సొమ్ము చెల్లించిన పిమ్మటగాని పుట్టదు. ఆ నడిమి కాలమున కారు దిక్కులేనిది.

ఆ నడిమి కాలమును కొలుచుటలోను న్యాయస్థానములు క్రమముగా సూక్ష్మదృష్టి వహించినవి. పాలసీ పుచ్చుకొన్ననాడే ప్రమాదము జరిగినచో, ఆ దినారంభమునుండియు రక్షణ వర్తించునని 1990లో సుప్రీంకోర్టు ఉదారముగా పలికెను. కాని 1991 డిసెంబరు 10న మధ్యాహ్నము 2 గంటల 20 నిమిషములకు ప్రమాదము జరుగగా, యజమాని 2 గంటల 55 నిమిషములకు పాలసీ తీసికొన్న వ్యాజ్యములో, కాగితముపై గంట స్పష్టముగా నుండుటచే, కంపెనీకి బాధ్యత లేదని అదే న్యాయస్థానము తేల్చెను. ముప్పదియైదు నిమిషముల జాగు యజమాని మెడకు చుట్టుకొన్నది.

గడువు తీరిన కారునకు సమగ్ర బీమా మరల పొందవలెనన్న మునుపు సర్వేయరు ఇంటికి వచ్చుచుండెను. అతడు బానెట్టు ఎత్తించి, ఛాసిస్ సంఖ్యపై పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్ది, అంకెల అచ్చు తీసికొని, పాత సొట్టలనెల్ల వ్రాసికొనిపోవుచుండెను. ప్రమాదము ముందు, పాలసీ వెనుక అను మోసము జరుగరాదని ఈ జాగ్రత్త. ఇప్పుడా పని ఫోనులో తీసిన చిత్రములతో జరుగుచున్నది. జాగు 90 దినములు మించెనా, ఏండ్ల తరబడి కూడబెట్టుకొన్న నో క్లెయిమ్ బోనసు, అది 50 శాతమైనను, ఒక్కసారిగా పోవును.

ఈ మరపును తగ్గించుటకే 2018 సెప్టెంబరు నుండి క్రొత్త కార్లకు మూడేండ్ల మూడవ పక్షపు పాలసీ తప్పనిసరి యయ్యెను. 2019 సవరణతో బీమా లేని వాహనము నడిపినందుకు తొలిసారి 2,000 రూపాయలు, మరల పట్టుబడిన 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల వరకు కారాగారమును విధింపవచ్చును. అయినను జరిమానా చిన్న నష్టమే. గడువు తీరిన ఆ రెండుమూడు దినములలో ఆ కారు వలన ఒక మనిషి గాయపడినచో, పరిహారము యజమాని ఇంటిని అమ్మించగలదు.

కావున పాఠకులారా, గోడ క్యాలెండరులో ఆ తేదీని ఎఱ్ఱసిరాతో చుట్టియుంచుకొనుడు. తప్పిపోయినచో, కారు బయటికి తీయక, ముందు సొమ్ము చెల్లించి, క్రొత్త పాలసీపై ఆరంభ సమయము చదువుకొని, ఆ పిమ్మటనే తాళము త్రిప్పుడు.