మాత్రల అతివాడకపు తలనొప్పి

నొప్పి తగ్గించాల్సిన మాత్రలే నొప్పిని రోజువారీ బాధగా మార్చే స్థితి ఇది. నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వేధించే దీర్ఘకాలిక తలనొప్పుల్లో ఇది ముఖ్యమైనది. సాధారణంగా అప్పటికే పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) గానీ, ఒత్తిడి తలనొప్పి గానీ ఉన్నవారికే వస్తుంది.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018 వర్గీకరణ ప్రకారం పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి నెలకు 15 రోజులు, మైగ్రేన్ మందులైన ట్రిప్టాన్లు, ఎర్గటమిన్, అలాగే కెఫీన్ వగైరా కలిపిన మాత్రలు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే అతివాడకమే. చాలామంది పొరబడేది ఇక్కడే: లెక్క మాత్రలది కాదు, రోజులది. బాధితుల రోజు ఇలా గడుస్తుంది: తెల్లవారి లేస్తూనే తల బరువు, కాఫీతోపాటు ఒక మాత్ర, సాయంత్రానికి మళ్ళీ అదే నొప్పి. చీటీ లేకుండానే మందుల షాపులో దొరికే మాత్రలు కనుక దీన్ని ఎవరూ జబ్బుగా అనుమానించరు.

చికిత్సలో ప్రధానం ఆ మందు మానడం. మానిన తొలి రోజుల్లో, తరచు 2 నుంచి 10 రోజులపాటు, నొప్పి పెరుగుతుంది. వికారం, నిద్రలేమి తోడవుతాయి. ఇది ముందే తెలియక ఎందరో మధ్యలోనే మళ్ళీ మాత్ర అందుకుంటారు. ఓపియాయిడ్లను (నల్లమందు కోవకు చెందిన బలమైన నొప్పి మందులను) మాత్రం వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి. నొప్పి రాకుండా అమిట్రిప్టిలిన్, ప్రొప్రనలాల్, టోపిరమేట్ వంటివి మనిషిని బట్టి ఇస్తారు. నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర రాసిపెట్టుకున్న డైరీ వైద్యులకు ఎంతో ఉపయోగం.

హఠాత్తుగా విరుచుకుపడే తీవ్రమైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చూపు మసకబారడం లేదా మాట తడబడటం, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి ఈ కోవలోవి కావు. వెంటనే వైద్యులను కలవాలి.