చాటింపు

‘చాటు’ అనే క్రియకు ‘ఇంచు’ చేరితే చాటించు. దాని నామరూపం చాటింపు, అంటే నలుగురికీ వినబడేలా చెప్పించడం. తమిళంలో చాఱ్ఱు, కన్నడంలో సారు దీనికి జ్ఞాతులు. మరుగు అనే అర్థమున్న చాటు వేరే మాట. దాచడానికీ బయటపెట్టడానికీ ఒకే రూపం దొరకడం తమాషాయే.

పల్లెల్లో చాటింపు డప్పు దెబ్బతో మొదలయ్యేది. జనం ఆగాక చాటేవారు ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా’ అని ఎత్తుకుని, శిస్తు గడువో జాతర రోజో చెప్పి, మరో కూడలికి సాగేవారు. దీనికే మరో పేరు దండోరా. 1994లో మొదలైన మాదిగల ఎస్సీ వర్గీకరణ ఉద్యమం ఆ పేరుతోనే ప్రసిద్ధమైంది.

ఇప్పుడు లింగంపల్లి స్టేషన్ చుట్టుపక్కల కర్రీ పాయింట్లు, హాస్టళ్లు వాట్సాప్‌లో చేసేదీ చాటింపే, వాడే మాట ‘ప్రమోషన్’ అయినా. ‘నాణ్యతే మా ప్రాణం’ అన్న స్టేటస్‌ను వేలు దాటేస్తుంది. ‘ఈ రాత్రి గోంగూర పప్పు, 9 దాకా, స్టేషన్ ఎదురుగా’ అంటే ఆగుతుంది: ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నీ అందులోనే ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు మూసే వేళ సరిగ్గా పెట్టడమూ చాటింపులో భాగమే. డప్పుకు లేని చిక్కు ఒకటుంది: అదే మెసేజ్ పదేపదే వస్తే వినేవాళ్లు గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు.