విపత్తు శిబిరాల్లో నీరు, పారిశుద్ధ్యం

యుద్ధం, వరద, భూకంపం వల్ల ఇల్లు విడిచినవారికి సురక్షితమైన నీరు, మరుగుదొడ్లు, సబ్బు అందించే సహాయక చర్య ఇది.

దీన్ని అశ్రద్ధ చేయలేమని 1994 జులైలో గోమా చాటింది. రువాండా నుంచి లక్షలమంది కాందిశీకులు అప్పటి జైరే (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం)లోని ఈ పట్టణానికి చేరారు. నేలంతా గట్టి లావా రాయి. మరుగుదొడ్డికి గుంత తవ్వుదామంటే గునపం దిగదు. దాహానికి కివు సరస్సు నీళ్లే దిక్కు. కలరా, రక్త విరేచనాలు చెలరేగాయి. ఒక్క నెలలో చనిపోయిన సుమారు 50,000 మందిలో అత్యధికులు వీటికే బలయ్యారు. సకాలంలో ఓఆర్ఎస్ అందితే ఎందరో బతికేవారు!

ఆ తర్వాత 1997లో, విపత్తు సాయం కనీసం ఎలా ఉండాలో చెప్పే స్ఫియర్ ప్రమాణాల రూపకల్పన మొదలైంది. వాటి ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 20 మందికో మరుగుదొడ్డి ఉండాలి. లోపల గడియ, రాత్రి వెలుతురు కూడా చిన్న విషయాలేమీ కావు. అవి లేకుంటే ఆడవాళ్లు చీకట్లో అటు వెళ్లడానికే జంకుతారు.

శుద్ధిచేసిన నీరూ మురికి బిందెలో మళ్లీ పాడవుతుంది. అందుకే కొంత క్లోరిన్ నీటిలో మిగిలేలా కలుపుతారు, మూత ఉన్న డబ్బాలు పంచుతారు.