వేటకత్తి: ఆయుధమా, పనిముట్టా? — కావ్యం, అడవి, చట్టం

చీరాల తీరంలో ఒకరు వేటకు వెళ్ళారంటే సముద్రం మీదికి వెళ్ళారని అర్థం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో అమలయ్యే 61 రోజుల విరామాన్ని ప్రభుత్వ ప్రకటనలు కూడా 'వేట నిషేధం' అనే పేర్కొంటాయి. అదే ప్రాంతపు గ్రామదేవతల జాతరలో 'వేట' అంటే మొక్కుబడిగా బలి ఇచ్చే మేకపోతు లేదా పొట్టేలు. కావ్య పాఠకునికి ఆ మాట వినగానే తలపునకు వచ్చేది రాజుల మృగయావినోదం. ఒకే మాటకు ఇన్ని అర్థాలున్నచోట వేటకు వెళ్ళేవారు మొలలో దోపుకొనే కత్తికి కూడా ఒకే అర్థం ఉండదు. ఆ కత్తిని కావ్యకర్త ఒక రీతిగా, అడవిబిడ్డ మరొక రీతిగా, చట్టం ఇంకొక రీతిగా చదివాయి. ఈ మూడు పఠనాల మధ్య భేదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పదచరిత్ర

వేటకు సంబంధించిన తెలుగు మాటల్లో రెండు ధాతువులు కలసిపోయి కనిపిస్తాయి. మృగయ అనే అర్థంలోని 'వేఁట' అరసున్న గల పదం. తమిళంలో 'వేట్టై', కన్నడంలో 'బేటె', 'బేంటె' దీనికి సజాతీయాలు. కన్నడ రూపంలోని అనునాసికం, తెలుగులోని అరసున్న పరస్పరం సమర్థించుకొంటాయి. దెబ్బ అనే అర్థంలోని 'వేటు' వేరు. అది 'వేయు' ధాతువుతో సంబంధం గలది, అందులో అరసున్న లేదు. ఆధునిక లేఖనంలో అరసున్న జారిపోయిన తరువాత 'వేటకత్తి', 'వేటకొడవలి' వంటి సమాసాల్లో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. వేటకు తీసుకువెళ్ళేది వేటకత్తి అని ఒకరు, ఒక్క వేటుకు తెగేది వేటకత్తి అని మరొకరు భావించడానికి ఈ లిపి మార్పు దోహదం చేసింది. నేడు 'వేటకొడవలి' అనే మాట విన్నవారికి స్ఫురించేది అడవి కాదు, కక్షలు. పదం వేట నుంచి వేటుకు జరిగింది.

కత్తుల పేర్లలోనూ ఇటువంటి అంతరం కనిపిస్తుంది. ఖడ్గం, అసి, కరవాలం, కటారి, బాకు, పిడిబాకు వంటివి యుద్ధానికీ రాజసానికీ చెందినవి. సంస్కృత 'ఛురిక' నుంచి వచ్చిన 'సురియ' వీటి సరసన నిలుస్తుంది. మచ్చుకత్తి, కొడవలి, కత్తిపీట వంటివి పనికి చెందినవి. మొదటి వర్గం కావ్యభాషలో స్థిరపడింది; రెండవ వర్గం ఇంటా పొలంలో బతికింది. టీకా తాత్పర్యాల్లోను, నిఘంటువుల్లోను అరుదైన ఆయుధనామం ఎదురైనప్పుడు 'ఆయుధవిశేషము' అనే ఒక్క మాటతో సరిపెట్టే ఆనవాయితీ ఉంది. ఆ వస్తువు చంపడానికా, కోయడానికా, తోలు తీయడానికా అనే ప్రశ్న ఆ వివరణలో లుప్తమవుతుంది. ఈ లోపం కేవలం నిఘంటు సమస్య కాదని తరువాతి పరిశీలన తెలుపుతుంది.

2. కావ్యాల్లో వేట సంభారం

వేటను రాజోచిత వినోదంగా శాస్త్రీకరించిన సంప్రదాయం ప్రాచీనం. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసం' మృగయను రాజవినోదాల్లో ఒకటిగా వివరించింది. తెలుగులో పెద్దన 'మనుచరిత్ర'లోని స్వరోచి వేట ఈ సంప్రదాయానికి పరాకాష్ఠ. శ్రీశైలాలయ ప్రాకారంపై చెక్కిన వేట దృశ్యాలు ఇదే అభిరుచికి శిల్పరూపాలు.

ఈ వర్ణనల్లో ఆయుధం ఎంపికకు ఒక నియమం ఉంది. దూరం నుంచి ప్రయోగించే విల్లు నాయకుని నేర్పుకు, దగ్గరగా తలపడే కత్తి లేదా ఈటె అతని ధైర్యానికి గుర్తులు. మృగం కూలడంతో ఆయుధం పని ముగుస్తుంది, పద్యమూ ముగుస్తుంది. కూలిన జంతువును ఎవరు చీల్చారు, తోలు ఎవరు ఒలిచారు, మాంసం ఎవరు పంచారు అనే ప్రశ్నలు రాజు వేటలో ప్రధానం కావు. ఆ పనులు పరివారానివి. కనుక ఆ పనులకు వాడిన కత్తులూ పరివారం వెంటే మరుగున పడ్డాయి.

దీనికి భిన్నమైన వేట కథ కన్నప్పది. 12వ శతాబ్దిలో శేక్కిళార్ 'పెరియపురాణం'లోను, 13వ శతాబ్దిలో పాల్కురికి సోమన 'బసవపురాణం'లోను, 16వ శతాబ్దిలో ధూర్జటి 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లోను ఈ కథ ఉంది. ఇక్కడ వేటగాడే నాయకుడు. అందువల్ల మృగం కూలిన తరువాతే అసలు కథ మొదలవుతుంది. మాంసాన్ని కోయడం, కాల్చడం, రుచి చూడడం, మేలైన ముక్కలను ఏరి దేవునికి సమర్పించడం — ఇవన్నీ భక్తి చర్యలయ్యాయి. శేక్కిళార్ కథనంలో తిణ్ణనార్ తాను వెంటాడిన పందిని బాణంతో కాక దగ్గరకు చేరి మొలకత్తితో పొడిచి కూలుస్తాడు. వేటగాని కత్తికి రాజు కత్తి వలె ప్రాణం తీయడమొక్కటే పని కాదు. ఆహారాన్ని సిద్ధం చేయడమూ పనే. అయినప్పటికీ లోకస్మృతిలో కన్నప్పకు గుర్తులుగా నిలిచినవి విల్లు, బాణమే. కన్ను పెకలించిన బాణం ముందు మాంసం కోసిన కత్తి మసకబారింది.

3. అడవి లెక్క

కావ్యం విస్మరించిన ఎంపిక సూత్రాన్ని చెంచుల జీవనం స్పష్టం చేస్తుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం అమ్రాబాదు పీఠభూమి చెంచుల జీవన సామగ్రిని నమోదు చేసింది. విల్లంబులు, గొడ్డలి, కత్తి, దుంపలు తవ్వే కర్ర — ప్రధాన సామగ్రి ఇంతే. ఇనుము పని చెంచుల వృత్తి కాదు. ఇనుప వస్తువులకు బయటి కమ్మరులపై ఆధారపడవలసిందే. అడవిలో కత్తి విరిగితే అక్కడే మరొకటి చేసుకొనే వీలు లేదు. నడక దూరం, మోయవలసిన బరువు, తిరుగు ప్రయాణంలో తోడయ్యే మాంసం లేదా తేనె — ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

అందుచేత అడవి మనిషికి మేలైన కత్తి అంటే ఎక్కువ పనులకు వచ్చేది. దారికి అడ్డొచ్చిన కొమ్మను నరకాలి, వెదురు చీల్చాలి, జంతువు తోలు ఒలవాలి, కీళ్ళ దగ్గర మాంసం విడదీయాలి. బరువైన నరుకుడు పనికి గొడ్డలి, సున్నితమైన కోత పనికి కత్తి అనే విభజనతో రెండు ఇనుప వస్తువులు అనేక అవసరాలను తీర్చాయి. రాజు వేటలో ఆయుధాల సంఖ్య వైభవానికి గుర్తు. చెంచు వేటలో పనిముట్ల మితం వివేకానికి గుర్తు. తీరంలోనూ సూత్రం ఇదే. పడవ మీద కత్తి చిక్కుపడిన తాడును కోయడానికి; ఒడ్డున చేపలమ్మే స్త్రీల ముందు కత్తిపీట పొలుసు తీసి ముక్కలు చేయడానికి. సముద్రపు వేటలో చంపే పని వలదే, కత్తిది కాదు.

4. చట్టం చదివిన కత్తి

1878 ఆయుధ చట్టం తన నిర్వచనంలో తుపాకులు, ఖడ్గాలు, బాకులు, ఈటెలతో పాటు విల్లంబులను కూడా చేర్చింది. కావ్యంలో నాయకుని అలంకారమైనవీ, అడవిలో కూడు పెట్టేవీ ఒకే జాబితాలోకి వచ్చాయి. నిత్యోపయోగమైన కత్తి పేరు ఆ జాబితాలో లేదు. అయితే దాని విషయంలో నిర్ణయాన్ని మరొక చట్టం చేపట్టింది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం స్థానంలో వచ్చిన 1911 చట్టం మద్రాసు రాజధానికీ వర్తించింది. చీరాల, బాపట్ల మధ్య స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ నేపథ్యంలో 1910 దశకంలో ఏర్పడి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచింది. అక్కడ నివాసం ఏర్పరచిన ఎరుకలు బుట్టలు, తట్టలు అల్లడం, పందుల పెంపకం, ఉప్పు వర్తకం, ఎరుక చెప్పడం వంటి వృత్తులు గలవారు. బుట్టల అల్లికకు బద్దలు చీల్చే కత్తి తప్పనిసరి. 1911 చట్టం ప్రకారం నమోదైన జాతి సభ్యుడు దొంగతనానికి సిద్ధమవుతున్నాడని లేదా అవకాశానికై పొంచి ఉన్నాడని న్యాయస్థానానికి తోచే పరిస్థితిలో దొరికితే మూడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. నేరం జరగవలసిన అవసరం లేదు, పరిస్థితి చాలు. వేట సాధారణంగా వేకువనో రాత్రో సాగేది, మాటు వేసి సాగేది, పదునైన ఇనుము చేతపట్టి సాగేది. ఆ చట్టం కంటికి వేటగాని ప్రతి లక్షణమూ అనుమానించదగిన పరిస్థితే. అనుమతి పత్రం లేనిదే సెటిల్మెంటు దాటరాదన్న కట్టడి దీనికి తోడైంది. సెటిల్మెంటువాసుల శ్రమ చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారానికి మళ్ళింది. ఆ చట్టం మద్రాసు రాజధానిలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరుకు అంటిన ముద్ర మాత్రం అంత త్వరగా తొలగలేదు.

స్వాతంత్ర్యానంతరం 1959 ఆయుధ చట్టం, 1962 నియమాలు కత్తిని కొలతతోను, ప్రయోజనంతోను నిర్వచించాయి. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగున్న కత్తి ఆయుధాల కోవలోకి వచ్చింది. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందినవాటికి మినహాయింపు లభించింది. ఆ నాలుగు అవసరాల్లో వేట పేరు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవి వేటే దాదాపుగా చట్టవిరుద్ధమయింది. వన్యప్రాణి రక్షణ అవసరం కాదనలేనిది. అయితే ఆ క్రమంలో వేటకత్తికి పనిముట్టుగా చట్టం ముందు నిలిచే ఆధారం లేకుండా పోయిందన్నది చరిత్ర పరిశోధకులు గుర్తించవలసిన సత్యం.

5. ముగింపు

కావ్యం కత్తిని పట్టిన చేతి గౌరవాన్ని బట్టి వర్ణించింది. అడవి అది చేసే పనిని బట్టి ఎంచుకొన్నది. వలస పాలనాచట్టం పట్టిన మనిషి పుట్టుకను బట్టి అనుమానించింది. మొదటిదీ మూడవదీ పైకి విరుద్ధంగా కనిపించినా వాటి చూపు ఒక్కటే: రెండూ చేతిని చూశాయి గాని పనిని చూడలేదు. 'ఆయుధవిశేషము' అనే వివరణ ఆ చూపునకే కొనసాగింపు. మృగయా వర్ణనలకు కొత్తగా టీకలు, పదకోశాలు రూపొందించేటప్పుడు ప్రతి కత్తి పేరుకూ దాని పనిని, దానిని వాడిన వృత్తిని జోడించి వివరించడం అవసరం. చీరాల పరిసరాల్లో వల, బుట్ట, కత్తిపీట ఆధారంగా బతికే వృత్తుల్లో ఈ పదజాలం ఇంకా వాడుకలో ఉంది. దానిని సేకరించి కావ్యపదాల సరసన నిలిపినప్పుడే వేట సాహిత్యంలో మరుగున పడిన సగం మనిషి మళ్ళీ కనిపిస్తాడు.