క్రియకు తోడు నడచిన పదము

ఇంగ్లండు దేశపు పల్లెలలోని పాత చర్చి ప్రాంగణములకు ముందు, పైకప్పుతో గూడిన ద్వారమొకటి తరచుగా కానవచ్చును. శవమును మోసికొని వచ్చినవారు మతగురువు ఎదురు వచ్చువరకు ఆ నీడను భారము దింపి నిలిచెడివారు. దానికి లిచ్ గేట్ అని పేరు. ప్రాచీనాంగ్లమున 'లీచ్' అనగా దేహము, ఆకారము. ఈ మాటయే విశేషణముల తుదిని చేరి, 'అట్టి ఆకారము గలది' అను నర్థమునిచ్చుచు, దానిపై నొక ఎకారమును దాల్చి 'లీచె' యను ప్రత్యయమై, కాలక్రమమున అరిగి అరిగి, నేడు మన బడిపిల్లలు 'క్విక్లీ', 'స్లోలీ' యని వల్లించుచున్న 'లీ'గా మిగిలినది. ఫ్రెంచివారు ఇదే పనికి మనస్సును వాడుకొనిరి. 'మనస్సుతో' అను నర్థముగల లాటిను పదము 'మెంతె'యే వారి క్రియావిశేషణ ప్రత్యయమునకు మూలము. ఆంగ్లేయునకు దేహమును, ఫ్రెంచివానికి మనస్సును, మనకు 'అగు' ధాతువునుండి వెడలిన 'గా'యు ఒకే పనిని నెరవేర్చుట నాకెప్పటికిని ఆశ్చర్యకరముగనే తోచును.

క్రియావిశేషణమను ఈ పదజాతికి పేరు గ్రీకులు పెట్టినది. క్రియను అంటిపెట్టుకొని యుండునది అను భావముతో వారొక సంజ్ఞను కల్పింపగా, లాటిను పండితులు దానిని 'ఆడ్వెర్బియమ్' అని తమ భాషలోనికి తెచ్చుకొనిరి. స్టోయిక్ తత్త్వవేత్తలు మాత్రము దీనిని 'సర్వమును ఇముడ్చుకొనునది' అను నర్థముగల పేరుతో పిలిచిరట; ఎచ్చటను చోటు దొరకని మాటలన్నియు ఇందే వచ్చి చేరుటను చూడగా ఆ పేరే సార్థకమనిపించును. క్రీ.శ. 1000 ప్రాంతమున యాల్ఫ్రిక్ అను క్రైస్తవ సన్న్యాసి, బాలురకు లాటిను నేర్పుటకై దేశభాషలో వ్యాకరణమును రచించుచు, దీనికి 'క్రియకు తోడు నడచువాడు' అను నర్థమున 'వోర్డెస్ యెఫేర' యని పేరిడెను. ఇంత చక్కని పేరు ఆ పిమ్మట ఆంగ్లమున నిలువకపోవుట లోపమే.

ఆ భాష తన విభక్తి ప్రత్యయములను దాదాపు అన్నింటిని పోగొట్టుకొన్నను, అవి క్రియావిశేషణములలో నేటికిని దాగియున్నవి. 'వన్స్', 'ట్వైస్' అను మాటల తుదినున్న సకారము షష్ఠీవిభక్తి శేషము. 'పీస్‌మీల్' అను మాట ఉత్తరార్ధమున చతుర్థీ బహువచనము మఱుగుపడియున్నది. 'గో హోమ్' అనునప్పుడు 'టు' రాకుండుటకు కారణము, అచ్చటి 'హోమ్' ఒకప్పటి ద్వితీయాంతమగుటయే. 'శీఘ్రం గచ్ఛతి' యని చదువుకొన్న మనకిది క్రొత్త సంగతి కాదు. ఇక, రాత్రిపూట పనిచేయు కూలివాడు 'ఐ వర్క్ నైట్స్' అనునపుడు ఆ సకారమును అందరును బహువచనమని తలతురు. నిజమునకు అదియు షష్ఠీవిభక్తి శేషమే. ఐనను 'నిహ్ట్' అను ప్రాచీన పదము స్త్రీలింగము. దానికి న్యాయముగా 'ఎస్' అను షష్ఠి రానేరాదు. పగలు అను నర్థమునిచ్చు 'దేయెస్' అను మాట ప్రక్కన నిత్యము నిలుచుటచే, ఆ పోలికతోనే రాత్రికిని ఆ ప్రత్యయము అబ్బినది.

'డీప్', 'లౌడ్', 'హార్డ్', 'ఫాస్ట్' అనునవి 'లీ' లేకయే క్రియను విశేషించుట ఎట్లను ప్రశ్నకు కూడ ఇందే సమాధానము గలదు. వీనికి పూర్వము తుదిని ఎకారముండెడిది. 'దేఓప్' అనగా లోతైనది, 'దేఓపె' అనగా లోతుగా. 14, 15 శతాబ్దులలో పదాంతమందలి ఎకారము ఉచ్చారణమున నశింపగా రెండు మాటలును ఒక్కటైపోయినవి. ఈ చరిత్రను పాటింపక 18వ శతాబ్ది వైయాకరణులు వీనిపై కత్తి గట్టిరి. 1762లో రాబర్ట్ లౌత్ విశేషణరూపములను ఇట్లు వాడుట అనుచితమనెను. 1795లో యార్కు నగరపు బాలికల పాఠశాలకై వ్రాసిన లిండ్లీ మరే వ్యాకరణము ఆ మతమునే ఇంటింటికి చేర్చెను. వారి లాటిను పాండిత్యము గొప్పదే కాని, ఈ విషయమున వారి తీర్పు న్యాయమైనది కాదు. వారి దేశపు కర్షకుడు తాతలనుండి పొందిన మాటను వారు దోషమని త్రోసివేసిరి.

ఆ నియమములే పిమ్మట నెస్‌ఫీల్డు మొదలగువారి పుస్తకములతోబాటు మన తరగతి గదులకును వచ్చినవి. కావున ఉపాధ్యాయ సోదరులకు నాదొక విన్నపము. ఏ బాలుడైనను 'డిగ్ డీప్' అని వ్రాసినచో, ఎఱ్ఱసిరాతో 'లీ'ని చేర్చుటకు ముందు ఆ మాట వయస్సును ఒక్కసారి విచారింపుడు.