కొలత పనికి పెద్దలెవరు?

2017 మనకు రెండు ఉత్సవాల ఏడు. జేమ్స్ రెన్నెల్ 1767లో బెంగాల్ సర్వేయర్ జనరల్ అయిన నాటి నుంచి లెక్కిస్తే సర్వే ఆఫ్ ఇండియాకు 250 ఏళ్ళు నిండాయి. ఐక్యరాజ్య సమితి తోడ్పాటుతో 1967లో హైదరాబాదులో వెలిసి, ఉప్పల్‌లో ఎన్నో దేశాల సర్వేయర్లకు చదువు చెప్పిన శిక్షణ సంస్థకు యాభై నిండాయి. ఈ సందర్భంగా సర్వే ఆఫ్ ఇండియా నాయకత్వ చరిత్ర రాయమని ఉత్సవ సంచిక సంఘంవారు అడిగారు. నాయకత్వ చరిత్ర అంటే సర్వేయర్ జనరళ్ళ పేర్లూ పదవీకాలాలూ వరుసగా చెప్పడం అలవాటు. ఆ వరుస గౌరవనీయమైనదే, దాన్ని వదిలిపెట్టను. అయితే ఈ సంస్థను గడ్డుకాలాల్లో నిలబెట్టిన నాయకత్వం పెద్దకుర్చీలో కంటే దానికి రెండు మూడు మెట్ల కిందే ఎక్కువగా ఉండిందని నా అభిప్రాయం. ఆ మెట్ల మీదివారిని పైకి రానివ్వని ప్రతిసారీ సంస్థే నష్టపోయింది. దీనికి సాక్ష్యాలు వెతుక్కుంటూ సంస్థ ప్రధాన కార్యాలయమున్న డెహ్రాడూన్ దాకా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదులో, కృష్ణా గోదావరుల మధ్య నేలలో కావలసినన్ని ఉన్నాయి.

మొదట కాలిన్ మెకంజీని తలుచుకోవాలి. 1790లలో నిజాం రాజ్యపు పటాలు తయారుచేసే పని మీద ఆయన దక్కను అంతా తిరిగారు. మైసూరు సర్వే నడిపారు. 1815లో మొత్తం దేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. తెలుగువారికి ఆయన కైఫియతుల మెకంజీ. ఊరూరి చరిత్రలూ శాసనాలూ వంశావళులూ ఈనాడు మనకు మిగిలాయంటే అది ఆయన పూనిక వల్లనే. కానీ ఆ ఊళ్ళకు వెళ్ళిందెవరు? కరణాలను ఒప్పించి కవిలెకట్టలు విప్పించిందెవరు? ఏలూరికి చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వారితోపాటు నారాయణరావు, ఆనందరావు, బాబూరావు, నిట్టల నయన, జైన పండితుడు ధర్మయ్య. ఈ పేర్లు ఇలా వరుసగా రాయడం ఈ సంచిక తీర్చుకోవలసిన బాకీ. బొర్రయ్య పరిచయంతోనే తనకు ఈ దేశపు విద్యల ద్వారం తెరుచుకుందని మెకంజీయే రాసుకున్నారు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే కన్నుమూస్తే పని ఆగలేదు. తమ్ముడు లక్ష్మయ్య అందుకుని, ఏ ప్రాంతానికి ఎవరిని పంపాలో, వచ్చిన నివేదికల్లో ఏది పనికివస్తుందో చూసుకుంటూ దాదాపు రెండు దశాబ్దాలు నడిపారు. దీన్ని గుమస్తా పని అని ఎలా అంటాం?

1821లో మెకంజీ చనిపోయారు. ఆయన భార్య దగ్గర కంపెనీవారు ఆ సంపుటాలను పదివేల పౌండ్లకు కొన్నారు. కాగితాలకు అంత వెల కట్టినవారు, వాటిని సంపాదించిన మనిషికి కట్టిన విలువ వేరు. ఆగిపోయిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వస్తే, ఆ ప్రతిపాదన 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వెళ్ళింది. కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ తేల్చిన మాట ఇది: అంత పెద్ద పనికి సమగ్రంగా ఆలోచించగల తల ఒకటి కావాలి, ఆ అర్హత లక్ష్మయ్యకే కాదు, ఏ స్వదేశీయుడికీ ఉండదు. బ్రాహ్మీ లిపిని చదివిన మహామేధావి ప్రిన్సెప్, ఆయన విద్వత్తు మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఆ తీర్పు తప్పు. పని తెలిసిన మనిషి బతికి ఉండగానే పని ఆగింది. తర్వాత చాలా సంపుటాలు పురుగుల పాలై, అక్షరాలు అలికిపోయే స్థితికి వచ్చాయి. సి.పి. బ్రౌన్ పూనుకుని తిరగరాయించకపోతే అవీ దక్కేవి కావు.

ఇక విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆయన మొదలుపెట్టిన ఆధార రేఖే తర్వాత హిమాలయాల దాకా సాగిన మహా త్రికోణమితి సర్వేకు పునాది. ఆ కొలత ఎలా జరిగిందో కాస్త చూడాలి. రెండున్నర అడుగుల ఉక్కు కడ్డీలు నలభై అతికిన వంద అడుగుల గొలుసు. దాన్ని నేల మీద ఈడ్వకూడదు. గూటాల మీద మట్టం చూసి నిలిపిన చెక్కపెట్టెల్లో, ఎండ తగలకుండా డేరా నీడలో పరచాలి. పక్కన ఉష్ణమాపకాలు పెట్టాలి, ఎందుకంటే ఎండకు ఉక్కు సాగుతుంది, ఆ సాగుదలకు తగ్గట్టు లెక్కను సరిచేయాలి. గొలుసు బిగుతు చూసి, కొన దగ్గర గుర్తు పెట్టి, పెట్టెలన్నీ ఎత్తి ముందుకు మోసి మళ్ళీ పరచాలి. ఏడున్నర మైళ్ళ రేఖ కోసం ఇలా నాలుగు వందల సార్లు చేశారు. గొలుసు మోసే ఒక్క ఖలాసీ చెయ్యి తడబడితే ఆ తప్పు తర్వాతి త్రిభుజాలన్నిటిలోకీ పాకుతుంది. అర టన్ను బరువున్న థియోడొలైటును కొండ శిఖరాల మీదికి ఎక్కించిందీ, రాత్రిళ్ళు దూరపు కొండల మీద దీపాలు ఆరకుండా కాపాడిందీ ఈ ఖలాసీలే. 1815లో బీదరు దగ్గర దామరగిద్దలో మరో ఆధార రేఖ కొలిచి, సర్వేను దక్కను నడిబొడ్డుకు తెచ్చారు. చాలాకాలం హైదరాబాదే లాంబ్టన్ మకాం.

1818లో ఆయనకు ముఖ్య సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ నియమితులై హైదరాబాదు వచ్చారు. సంస్థ చరిత్రలో ఒక పెద్ద విపత్తు మరుసటి ఏడే, మన అడవుల్లోనే వచ్చింది. కృష్ణా గోదావరుల మధ్య త్రిభుజాలు అల్లుకురమ్మని లాంబ్టన్ ఆయనను పంపారు. కాలం చూస్తే వానాకాలం. వాగులు పొంగి దారులు మూసుకున్నాయి. నిజాం ప్రభుత్వం తోడిచ్చిన సిబ్బంది ఎదురు తిరిగితే, ఎవరెస్ట్ కొరడా దెబ్బలతో అణచారు. ఎల్లాపురం అడవుల్లో మన్యపు జ్వరం పట్టుకుంది. ఎవరెస్ట్ పడ్డారు, వైద్యుడూ భూగర్భ శాస్త్రజ్ఞుడూ అయిన హెన్రీ వోయిసీ పడ్డారు, దాదాపు నూటయాభై మంది మంచాన పడ్డారు. హైదరాబాదు నుంచి పల్లకీలూ ఏనుగులూ బండ్లూ దొరికినవన్నీ పంపి తీసుకురావలసి వచ్చింది. పదిహేను మంది దారిలోనే ప్రాణాలు విడిచారు. మిగిలినవారు సమాధుల్లోంచి లేచివచ్చినట్టున్నారని ఎవరెస్టే రాశారు. మరుసటి ఏడు జ్వరం మళ్ళీ తిరగబెడితే ఆయనను కోలుకోవడానికి ఆఫ్రికా కొసనున్న కేప్‌కు పంపించారు. ఆయన పేరు తర్వాత ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పెట్టారు. ఆ పదిహేను మంది పేర్లు మన సంస్థ చెప్పుకునే ఏ కథలోనూ లేవు. రెవెన్యూ ఉద్యోగి సోనాజీ పేరు మీద వెలిసిందని చెప్పుకునే సోమాజిగూడ ఉన్న ఈ నగరంలో, కొలత పని చేస్తూ ప్రాణాలిచ్చినవారి పేరు మీద ఒక సందు కూడా లేదు.

హైదరాబాదు నుంచి నాగపూరుకు మకాం మారుస్తూ 1823 జనవరిలో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. పగ్గాలు ఎవరెస్టుకు వచ్చాయి. రెండేళ్ళకే ఆరోగ్యం చెడి ఆయన ఇంగ్లండు వెళ్ళారు, 1830 దాకా తిరిగి రాలేదు. ఆ ఐదేళ్ళూ సర్వే ఏమైంది? జోసెఫ్ ఆలివర్ అనే సహాయకుడు కలకత్తా దిశగా త్రిభుజాల వరుసను నడిపించుకుంటూ పోయారు. మద్రాసులో 1794లో పెట్టిన సర్వే బడి అనాథాశ్రమపు పిల్లలను తెచ్చి కొలత నేర్పింది. అటువంటి బడుల్లోంచి వచ్చి, ఎండావానల్లో పని నేర్చుకున్న ఆలివర్, డి పెన్నింగ్, రోసెన్‌రోడ్ వంటివారే ఆ కాలపు వెన్నెముక. వారెవరికీ పెద్ద పదవి దక్కలేదు. సర్వేయర్ జనరళ్ళుగా 1843లో వా, 1861లో థుయిలియర్, 1878లో వాకర్ వచ్చారు, అంతవరకు వేర్వేరుగా నడిచిన త్రికోణమితి, స్థలాకృతి, రెవెన్యూ సర్వేలు మూడూ వాకర్ కాలంలో ఒకటయ్యాయి. పెద్దకుర్చీ మన దేశస్థుడికి దక్కడానికి స్వాతంత్య్రం వచ్చాక కూడా కొన్నేళ్ళు పట్టింది.

నా వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. గొలుసు మోసినవారు వేలమంది ఉండవచ్చు, దేశాన్ని త్రిభుజాల వరుసలతో కొలవాలన్న ఊహ లాంబ్టన్‌దే కదా, ఆ ఊహ లేనిదే గొలుసెక్కడిది? నిజమే. లాంబ్టన్ పట్టుదల, ఎవరెస్ట్ కచ్చితత్వం లేకుండా ఈ సంస్థ లేదు. నేను ఆ కీర్తిని తగ్గించడం లేదు. ఊహ మొదలుపెడుతుంది, కానీ ఊహించినవాడు జ్వరంతో పడ్డప్పుడు, ఓడెక్కినప్పుడు, చనిపోయినప్పుడు పని ఎవరి చేతుల్లో బతికిందన్నది వేరే ప్రశ్న. ఆ సమర్థత మనవారికి లేదని ప్రిన్సెప్ అన్న కాలంలోనే రాధానాథ్ సిక్దార్ సర్వే లెక్కలు కడుతున్నారు. తర్వాత ఎవరెస్ట్ పేరు పెట్టిన పదిహేనో శిఖరం ఎత్తు తేల్చిన గణనలో ముఖ్యుడు ఆయనే. అంతకు ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన నిపుణుడు చూసుకున్న పనిముట్ల బాధ్యతను ఆర్కాటుకు చెందిన సయ్యద్ మొహసిన్ హుస్సేన్ చేపట్టి మెప్పు పొందారు. సిక్దార్ పోయిన ఐదేళ్ళకు, 1875లో వెలువడిన సర్వే పాఠ్యగ్రంథం మూడో కూర్పు ముందుమాటలోంచి ఆయన పేరు తీసివేశారు. అది చచ్చినవాడిని దోచుకోవడమేనని ఆనాటి ఆంగ్ల పత్రికే నిలదీసింది.

అదంతా తెల్లదొరల నాటి మాట అని కొందరంటారు. మన రాష్ట్రం సంగతే చూద్దాం. సాలార్ జంగ్ సంస్కరణల కాలంలో బొంబాయి పద్ధతిలో సర్వే సెటిల్‌మెంట్ మొదలైంది. ఈనాటికీ తెలంగాణ రైతు గుంటల్లో లెక్కచెప్పేది ఆ పద్ధతిలోని ముప్పై మూడు అడుగుల గొలుసు వల్లనే. 1908 మూసీ వరద తర్వాత 1912-15 మధ్య లియొనార్డ్ మన్ నగరాన్ని ఇల్లిల్లూ చూపే పటాలుగా గీయించారు. వాటికి ఆయన పేరే నిలిచింది. మన కాలంలో పంజగుట్ట, అమీర్‌పేట మీదుగా మెట్రో పట్టాలు పడ్డాయి. ప్రతి స్తంభానికీ ముందు ఒక సర్వేయరు నిలబడి గుర్తు పెట్టాడు. కానీ భూమి కొలతల శాఖకు అధిపతి కుర్చీ ఐఏఎస్ అధికారులది. వారి దక్షతను నేను శంకించను. అయితే సేత్వారు అనే సెటిల్‌మెంట్ రిజిస్టరూ టిప్పన్ అనే పొలం కొలతల చిత్తూ చదవగలిగి, పొలిమేర రాయి ఎక్కడ పూడిపోయిందో చూసి చెప్పగలిగినవారికి ఆ నిచ్చెన సగంలోనే ఆగిపోతుంది. 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన గొలుసు వేయకుండా కాగితాలతోనే సాగింది. హద్దు తగాదాలు కాగితం మీద తెగవు. ఆ మాట గట్టిగా చెప్పగల స్థానంలో సర్వేయరు ఉండి ఉంటే ఈ పని ఇంకో వరుసలో జరిగేదేమో.

అందుకే సంచిక సంఘానికి నా విన్నపం. ఉప్పల్ ఆవరణలో ఒక తరగతి గదికి కావలి లక్ష్మయ్య పేరు పెట్టించండి. 1819లో ఎల్లాపురం దారిలో పోయిన పదిహేను మంది కోసం, పేర్లు లేకపోయినా సరే, ఏడాదీ ఊరూ చెక్కి ఒక రాయి నాటించండి. ఉత్సవ సభలో గొలుసు పట్టే చైన్‌మన్లను వేదిక మీద కూర్చోబెట్టండి.